బ్లాకు మీద సుద్ద గుండ్రం

ఎమ్మిగనూరులో నాది లేత్ షాపు. ఇంజన్ సిలిండర్లు అరిగిపోతే వాటికి బోరు కొట్టి, అంటే లోపల చెక్కి, స్లీవులనే కొత్త ఇనుప గొట్టాలు ప్రెస్సుతో దింపి ఇవ్వడం నా పని. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆదోని నుంచి నాకొచ్చే ప్రతి ఇంజన్ బ్లాకు పక్కగోడ మీదా సుద్దముక్కతో గీసిన గుండ్రం ఒకటి ఉంటుంది. ఆ గుండ్రం పీరా సాబ్‌ది. బ్లాకులో ఎక్కడా పగులు లేదు, ధైర్యంగా బోరు కొట్టుకో అని దానర్థం. చీటీ రాయడు, కబురు పంపడు. గుండ్రం లేని బ్లాకు ఆదోని దాటి రాదు. గుండ్రం ఉన్న బ్లాకును నేను రెండోసారి చూడను.

ఈ ఏడు ఉరుకుందు అనే అతని అంబాసిడర్ కారు విషయంలో ఆ గుండ్రం తప్పింది. పీరా సాబ్ గురించి చెప్పాలంటే నాకు అక్కడి నుంచే మొదలుపెట్టాలనిపిస్తుంది. ఆయన గొప్పతనం అందరూ చెప్పుకునేదే, ఆ తప్పు దగ్గర ఆయన ఎట్లా నిలబడ్డాడో చూసినవాళ్లం మాత్రం ముగ్గురమే.

ఆయన నాన్న గుంతకల్లు స్టేషన్లో రైలు ఆగినప్పుడల్లా చక్రాలను సుత్తితో తట్టుకుంటూ పోయే ఉద్యోగి. చక్రం బాగుంటే ఖంగుమంటుంది, చీలి ఉంటే మొద్దుగా మోగుతుంది. చిన్నప్పుడు నాన్న వెంట పట్టాల పక్కన నడిచి నడిచి పీరా సాబ్‌కు ఆ చెవి వచ్చింది. పెద్దయ్యాక ఆదోనిలో ఒక పత్తి మిల్లులో డీజిల్ ఇంజన్ పక్కన పన్నెండేళ్లు పనిచేశాడు. మిల్లు మూతపడ్డాక ఇంటి ముందరే రేకుల షెడ్డు వేసుకుని పాత ఇంజన్లు విప్పి కట్టడం మొదలుపెట్టాడు. జీపులు, ఫియట్లు, అంబాసిడర్లు, ఆలూరు వైపు రైతుల పాత ట్రాక్టర్లు, అన్నీ ఆ షెడ్డుకే వచ్చేవి. ఆయన మాత్రం ఇప్పటికీ తిరిగేది మోపెడ్ మీదే.

ఆయన పద్ధతి ఒకటుంది. మా వైపు బోరునీళ్లు ఉప్పువి. ఇంజన్లో పదేళ్లు పోస్తే బ్లాకు లోపల నీళ్లు తిరిగే దారంతా సున్నం పేరుకుంటుంది. అందుకని ముందు బ్లాకు నిండా చిక్కటి చింతపండు నీళ్లు పోసి రెండు రోజులు నానబెడతాడు. కడిగాక గొలుసుతో దూలానికి వేలాడదీస్తాడు. తుమ్మకట్టె పిడి వేసిన చిన్న సుత్తితో నాలుగు మూలలా నాలుగు దెబ్బలు వేస్తాడు. కళ్లు మూసుకుని వింటాడు. ఆ తర్వాతే జేబులోంచి సుద్దముక్క తీస్తాడు. దీన్ని మహిమ అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మహిమైతే చింతపండు ఎందుకు? అది పని, అంతే. ఆ సుత్తిని మాత్రం ఇంకొకరి చేత ముట్టనివ్వడు. ఒకసారి మాటల్లో నేను చేతికి తీసుకుంటే, చంటిబిడ్డను లాక్కున్నట్టు లాక్కున్నాడు.

మంచివాడే కానీ మహా మొండి. యాడాదిగా ఫోన్ ఎత్తడం మానేశాడు. ఎప్పుడు చేసినా ఆయన భార్య షాహిదాబీ ఎత్తేది, అడిగి చెబుతా అనేది. వయసుతో పాటు ముసలాయనకు పొగరు పెరిగిందని నేను నలుగురి దగ్గరా అన్నాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఉరుకుందుది దేవనకొండ. పంతొమ్మిది వందల అరవై ఐదో సంవత్సరపు తెల్ల అంబాసిడర్ ఒకటి పెట్టుకుని పెళ్లి ఊరేగింపులకు తిప్పుతాడు. కొత్త కార్లు ఎన్ని వచ్చినా పెళ్లికొడుకు ఆ బండిలో కూర్చుంటేనే కళ అనే జనం మా వైపు ఇంకా ఉన్నారు. బండి పొగ కక్కుతూ ఆయిల్ తాగుతుంటే పీరా సాబ్ దగ్గర విప్పించాడు. బ్లాకు నా షాపుకు వచ్చింది. పక్కగోడ మీద గుండ్రం ఉంది. బోరు కొట్టి, నాలుగు స్లీవులు దింపి పంపేశాను. పీరా సాబ్ ఇంజన్ కట్టి స్టార్ట్ చేశాడు. మూడోరోజు ఆయిల్ కొలకడ్డీ లాగి చూస్తే దానికి మజ్జిగలాంటి తెల్లటి నురగ అంటుకుని వచ్చింది. నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయని అర్థం. మళ్లీ అంతా విప్పితే బ్లాకు లోపల, నీళ్లు తిరిగే చోటికీ ఆయిల్ ఉండే చోటికీ మధ్య గోడ చెమర్చి ఉంది.

మర్నాడు పొద్దున్నే ఉరుకుందు నా షాపు మీద పడ్డాడు.

“మారుతన్నా, నా బండిని సంపినావు గదప్పా! నీ ప్రెస్సు కింద పెట్టి గోడ సీల్చినావు!”

“ఎవడు చెప్పినాడురా నీకు?”

“ఎవరు సెప్పేదేంది? నీకాడికి పంపేటప్పుడు బ్లాకు ఖంగుమన్యాదని పీరన్న అంటాండాడు. ఆయప్ప సెవి తప్పుతాదా? మద్దెలో సెయ్యేసింది నువ్వే గదా!”

నోటికొచ్చింది తిట్టి పంపాను. కానీ వాడు పోయాక స్టూలు మీద కూలబడ్డాను. ఎందుకంటే ఒక సంగతి నాకొక్కడికే తెలుసు. ఆ రోజు మూడో స్లీవు బిగుతుగా దిగింది. బయటికి లాగి మళ్లీ చెక్కాల్సింది పోయి, బద్ధకించి ప్రెస్సు పిడిని ఇంకో రెండు పట్లు నొక్కాను. పాత పోత ఇనుము, అట్లా నొక్కితే చీలినా చీలుతుంది. తప్పు నాదో ఆయనదో తేలాలి. ఎవరిదని తేలినా ఒకరి గుండ్రమో ఒకరి ప్రెస్సో ఇంక నమ్మకానికి పనికిరాదు. షాపుకు తాళం వేసి ఆదోని బస్సెక్కాను. దారి పొడవునా నాది కాకూడదనే మొక్కుకున్నాను, దాపరికం ఎందుకు.

షెడ్డులో పీరా సాబ్ ఒక్కడే ఉన్నాడు. బ్లాకు బల్ల మీద ఉంది. ఉరుకుందు టీ తాగడానికి రోడ్డు మీదికి పోయాడట. షాహిదాబీ వంటింటి గుమ్మంలోంచి నన్ను చూసి, “దా మారుతప్పా,” అని లోపలికి వెళ్లింది. షెడ్డుకూ వంటింటికీ మధ్య ఒక్క గోడే అడ్డం.

నేను మాటలు పెట్టుకోలేదు. చెమర్చిన గోడకు డీజిలు పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాను. పగుల్లోకి దిగిన డీజిలు మెల్లగా పైకి ఊరి పొడిని తడిపింది. చూపుడువేలంత పొడుగున సన్నటి గీత తేలింది.

“పీరన్నా, ఒకసారి కట్టి కొట్టు. నేనూ ఇంటాను,” అన్నాను.

నేను గొలుసు వైపు చేయి చూపించాకే ఆయన లేచాడు. ఇద్దరం కలిసి బ్లాకును వేలాడదీశాం. కళ్లు మూసుకుని సుత్తితో కొట్టాడు.

తడిమట్టి గోడను కొట్టినట్టు తొప్పుమంది.

నాలుగుసార్లు కొట్టాడు. నాలుగుసార్లూ అంతే. కళ్లు తెరిచి నావైపు చూసి, “ఇంటివా? ఇప్పటికీ ఎంత బాగా పలుకుతాందో. పగులు సన్నది లే, సప్పుడులో దొరకదు,” అన్నాడు.

లేత్ ముందర ముప్పై ఏళ్లు నిలబడి సగం చెడిన నా చెవులకే అంత మొద్దుగా వినపడిన చప్పుడు అది. ఫోన్ ఎందుకు ఎత్తడో ఆ క్షణంలో అర్థమైంది. పొగరు కాదు, చెవులు పోయాయి. మిల్లు ఇంజన్ పక్కన పన్నెండేళ్లు ఊరికే పోలేదు.

బ్లాకు దింపాం. పీరా సాబ్ చిన్న ఆకురాయితో పగులు మీద కొంచెం అరగదీసి, భూతద్దం పెట్టి చూశాడు. పగులు కొత్తదైతే లోపలి ఇనుము బూడిదరంగులో మెరవాలి. ఇది లోపలిదాకా ఎర్రగా తుప్పుపట్టి ఉంది, తుప్పు మధ్యలో తెల్లటి సున్నం చారలున్నాయి. నాలుగైదు నెలల పాత పగులు. ఉప్పునీళ్ల సున్నమే ఇన్నాళ్లూ దాన్ని పూడ్చి పెట్టింది. చింతపండు నీళ్లు ఆ సున్నాన్ని కడిగేయడంతో నోరు తెరిచింది. అంటే నా దగ్గరికి వచ్చేటప్పటికే చీలి ఉంది.

నేను బతికిపోయాను అనుకున్నాను. ఆ సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. పీరా సాబ్ భూతద్దం దించలేదు. ఆ తుప్పు వైపే చూస్తూ వంగి ఉండిపోయాడు. ఆయన చేతిలోని ఆకురాయి జారి బల్ల మీద పడిన చప్పుడైంది. అది పడిన సంగతి ఆయనకైనా తెలుసో లేదో.

అప్పుడే ఉరుకుందు లోపలికి వచ్చాడు. “ఏమి తేల్చినారన్నా? ఎవురిది తప్పు?”

పీరా సాబ్ వీపు మా వైపు ఉంది. నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చెప్పేవాణ్ణి కాదేమో, నేను అంత మంచివాణ్ణేమీ కాదు. “నాదే ఉరుకుందూ. స్లీవు బిగుతుగుంటే ప్రెస్సు ఎక్కువ నొక్కినా. నేనే సీల్చినా,” అన్నాను. ప్రెస్సు నొక్కిన మాట నిజమే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

ఉరుకుందు నోరు తెరవబోతుండగా పీరా సాబ్ ఇటు తిరిగాడు. వాడు వచ్చింది ఆయన అప్పుడే చూశాడు. నేనన్న మాట ఆయనకు ఒక్కటీ వినపడలేదు.

“దా ఉరుకుందూ, నీకే సెప్పల్లనుకుంటాండా,” అన్నాడు. “పగులు పాతది. మారుతి సేతికి పోకముందుదే. లోపలంతా తుప్పు ఉండాది, నువ్వే సూడు. నేను కనుక్కోల్యాకపోతి. నాకు సెవులు పోయినాయప్పా. యాడాదాయ. కొట్టినప్పుడు సేతికి అదురు తెలుస్తాంది గదా, సాలు అనుకుంటి. పాత సప్పుడు మనసులో ఉండాది, అదే ఇంటాంటి. తప్పు నాది. ఈయప్పను ఏమీ అనొద్దు.”

ఉరుకుందు నా ముఖం వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. అబద్ధం చెప్పి పట్టుబడిన సిగ్గు ఒకవైపు, నా అబద్ధం అక్కర్లేని మనిషి ముందు నిలబడ్డ సిగ్గు ఇంకోవైపు.

ఇరవై ఎనిమిదేళ్లు సంపాదించుకున్న పేరును ఆయన అట్లా రెండు మాటల్లో బల్ల మీద పెట్టేశాడు. రేపటి నుంచి ఆయన చేతికి ఎవరు బ్లాకు ఇస్తారు? ఆ ప్రశ్న మా ముగ్గురి ముఖాల్లోనూ ఉంది. పీరా సాబ్ జేబులోంచి సుద్దముక్క తీసి బల్ల మీద సుత్తి పక్కన పెట్టాడు.

“అది తీసి జేబులో ఏసుకో,” అని గుమ్మంలోంచి షాహిదాబీ గట్టిగా అన్నది. ఆయనకు వినపడేంత గట్టిగా. ఇద్దరూ యాడాదిగా ఇంట్లో అట్లాగే మాట్లాడుకుంటున్నారని నాకు అప్పుడు తెలిసింది.

ఆమె చేతులకు జొన్నపిండి అంటుకుని ఉంది. షెడ్డులోకి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

“తప్పు నీ ఒక్కనిదే కాదు. ఆపొద్దు ఈ బ్లాకు నువ్వు కొట్టినప్పుడు నాకు వంటింట్లో ఇనపడింది. మొద్దుగా ఇనపడింది.”

“నీకేం తెలుస్తాది?” అన్నాడాయన.

“తెలీకేమి? ఖంగుమంటే నువ్వు అన్నానికి టైముకొస్తావు. మొద్దుగుంటే ఆ బ్లాకు సుట్టూ తిరుగుతా సాయంత్రం దాకా రావు. ఇన్నేండ్లుగా ఆ సప్పుడు ఇనే గదా నేను రొట్టెలు తట్టేది! ఆపొద్దు మొద్దుగుంటే ఇంక రాడులే అని పొయ్యి ఆర్పితి. నువ్వు టైముకొచ్చి కూసుంటివి. అప్పుడే నాకు గుండె జల్లుమన్యాది. సెప్తే నువ్వు సిన్నబోతావని నోరు మూసుకుంటి. అది నా తప్పు.”

పీరా సాబ్ ఆమె పెదాల వైపే చూస్తూ విన్నాడు. ఎంత వినపడిందో ఏమో గాని కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి చేతినిండా గ్రీజు.

ఉరుకుందు బ్లాకు దగ్గరికి వచ్చాడు. “నాదీ ఒకటుండాదిలే అన్నా,” అన్నాడు. “పోయిన ఎండాకాలం పెండ్లికి పోతాంటే మా ఊరి ఎగువన రేడియేటరు ఉడికె. టైమైపోతాందని పెండ్లికొడుకు తరఫోళ్లు తొందరపెట్టిరి. అప్పుడే కడవతో వస్తాన్న ఒకాయమ్మనడిగి సల్లటి నీళ్లు గుమ్మరిస్తి. లోపల ఏందో టప్పుమన్యాది. మీకు సెప్తే తిడ్తారని సెప్పల్యా.”

కాలే ఇనుము మీద చల్లటి నీళ్లు పోస్తే చీలక ఏం చేస్తుంది? ఇంకో రోజైతే వాణ్ణి ఏకిపారేసేవాణ్ణి. ఆ రోజు ఎవరినీ ఏమీ అనే మొహం నాకు లేదు.

“సరే, బ్లాకు మారుద్దామా?” అన్నాను గట్టిగా.

“ఎందుకు మార్సేది? కుట్టుదాం,” అన్నాడు పీరా సాబ్. అరవై ఏళ్ల బండికి దాని సొంత బ్లాకు, దాని సొంత నంబరు ఉండాలని ఆయన పట్టుదల. అతికిస్తే వేడికి మళ్లీ చీలుతుందని వెల్డింగ్‌కు ఒప్పుకోడు.

కుట్టడమంటే నిజంగా కుట్టడమే. నేను ఎమ్మిగనూరుకు పోయి రాగి కడ్డీ లేత్ మీద సన్నగా తిప్పి, మరలు కోసుకుని తెచ్చాను. పగులు రెండు కొనలా చిన్న రంధ్రాలు వేశాడు, ఇక ముందుకు పాకకుండా. తర్వాత ఒక కొన దగ్గర రంధ్రం చేసి, మర కోసి, రాగి మేకు బిగించి, పైన కోసేశాడు. ఆ మేకు అంచును సగం తినేట్టు దాని పక్కనే ఇంకో రంధ్రం, ఇంకో మేకు. ఒకదాన్నొకటి పట్టుకుని పదిహేడు మేకులు. మా ఊళ్లో నేసిన చీర చిరిగితే రఫ్ఫు చేసేవాళ్లు ఇట్లాగే పోగు మీద పోగు వేస్తారు. ఆ పని సాగిన మూడు రోజులూ నేను పక్కనే ఉన్నాను. ఆయన చేతులు ఒక్కసారి వణకలేదు. చెవి పోయింది గాని, చెయ్యి ఎక్కడికీ పోలేదు. అంత శ్రద్ధగా ఆయన పనిచేయడం నేను ఎన్నడూ చూడలేదు.

కుట్టిన బ్లాకు ఖంగుమని పలకదు. అందుకని రంధ్రాలన్నీ రబ్బరు షీటుతో మూసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి, కుట్టు మీద సబ్బునీళ్లు పూశాం. నలుగురం తలలు దగ్గర పెట్టి చూశాం. ఒక్క బుడగ కూడా లేవలేదు. ఉరుకుందు పీరా సాబ్ రెండు చేతులూ పట్టుకున్నాడు. “ఊళ్లో నేనేం సెప్పనులే అన్నా,” అన్నాడు మెల్లగా. ఆయనకు వినపడలేదు. నేను గట్టిగా మళ్లీ చెప్పాను.

“సెప్పు, అందురికీ సెప్పు,” అన్నాడు పీరా సాబ్. “సెవిటోడని సెప్పు. నమ్మకముంటే తెస్తారు, లేకుంటే ల్యా.”

ఆ బండిలో ఇప్పటికి ఆరుగురు పెళ్లికొడుకులు ఊరేగారు. షెడ్డుకు వచ్చేవాళ్లు కొంత తగ్గిన మాట నిజం.

నెల తర్వాత ఆదోని నుంచి నాకొక ట్రాక్టర్ బ్లాకు వచ్చింది. పక్కగోడ మీద సుద్ద గుండ్రం ఉంది. కానీ పీరా సాబ్ గుండ్రం కాదది. ఒకవైపు సొట్ట పడింది, రెండు కొనలూ సరిగా కలవలేదు. రొట్టెను అంత గుండ్రంగా తట్టే మనిషి సుద్దముక్కతో ఎంత వంకరగా గీసిందో అనుకున్నాను. ఇప్పుడు ఆయన కొడతాడు, ఆమె వింటుంది.

ఆ అంబాసిడర్ సంగతి జరిగాక ప్రతి బ్లాకునూ డీజిలు పూసి చూడాలని గట్టిగా నిర్ణయం చేసుకున్నాను. డబ్బా తీసి మూత కూడా తిప్పాను. ఎందుకో ఆగి ఫోన్ చేశాను. ఎప్పటిలాగే షాహిదాబీ ఎత్తింది.

“వదినా, నిన్న పీరన్న అన్నానికి టైముకు వచ్చినాడా?” అని అడిగాను.

“వచ్చినాడప్పా, ఒంటిగంటకంతా కూసున్యాడు,” అన్నది.

డబ్బా మూత బిగించి పక్కన పెట్టి, బోరు కొట్టడం మొదలుపెట్టాను.